పత్రికాయుగపు ప్రముఖులు – పంచాయతీలకు పాఠములు

రేడియో పల్లెలకు చేరకపూర్వము దేశవార్తలు ప్రజలకు ముఖ్యముగ పత్రికలద్వారా తెలియుచుండెడివి. టపాలో వచ్చిన ఒక్క ప్రతిని చదువు వచ్చిన వాడొకడు బిగ్గరగా చదువుచుండగా తక్కినవారు చుట్టును కూర్చుండి వినెడివారు. అట్టి కాలమున కొందరు సంపాదకులు దేశనాయకులతో సమానముగ మన్ననలందిరి. అందు మువ్వురి చరిత్రను పంచాయతీ సభ్యుల ముందుంచుచున్నాము.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1848లో రాజమహేంద్రవరమున జన్మించిరి. 1874లో ‘వివేకవర్ధని’ పత్రికను స్థాపించి, లంచగొండి ఉద్యోగుల అక్రమములను అందు నిర్భయముగ బయటపెట్టిరి. వితంతు వివాహములు జరుగవలెనని వ్రాసి ఊరకుండక, 1881 డిసెంబరు 11న తొలి వివాహమును తామే జరిపించిరి. వ్రాసినది చేసి చూపుటచేతనే వారి మాటకు విలువ కలిగినది.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి స్వగ్రామము కృష్ణాజిల్లాలోని ఎలకుర్రు. బొంబాయిలో అమృతాంజన వ్యాపారముచే గడించిన ధనమును వారు ప్రజాసేవకు వినియోగించిరి. ‘ఆంధ్రపత్రిక’ 1908లో బొంబాయిలో వారపత్రికగా వెలువడి, 1914లో చెన్నపట్టణమున దినపత్రిక యయ్యెను. ప్రజలు వారిని ‘దేశోద్ధారక’ యని గౌరవించిరి.

మూడవవారు సురవరము ప్రతాపరెడ్డిగారు. నైజాము రాజ్యమున నాడు ఉర్దూ రాజభాష. తెలుగునకు ఆదరణ కొరవడియుండెను. అట్టి స్థితిలో 1926లో హైదరాబాదున ‘గోలకొండ పత్రిక’ వెలసినది. ప్రతాపరెడ్డిగారు దానికి సంపాదకులై, ప్రభుత్వపు ఆంక్షలను సహించుచు ప్రజల కష్టసుఖములను ప్రకటించిరి.

తెలంగాణమున కవులే లేరని యొకరు తేలికగ వ్రాసిరి. ఆ మాట తెలుగువారి మనస్సులను నొప్పించినది. ప్రతాపరెడ్డిగారు తిట్టునకు తిట్టు బదులీయలేదు. తెలంగాణమునందలి కవుల పద్యములను, వారి వివరములను ఓపికతో సేకరించి, 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ను 1934లో ప్రకటించిరి. ఆ సంచికయే సమాధానమైనది. అటుపిమ్మట వాదమునకు చోటే లేకపోయెను.

పంచాయతీ సభ్యులు ముఖ్యముగ గ్రహింపవలసినది ఈ పద్ధతినే. “వీధిదీపములకు మంజూరైన సొమ్ము ఏమైన”దని గ్రామసభలో ఒకడు ప్రశ్నించినచో, అతడు ఏ కక్షివాడని విచారించుట మన పని కాదు. లెక్కల పుస్తకము, రసీదులు తెచ్చి చూపుటయే తగిన జవాబు. పత్రికలో ఊరి లోపమును గూర్చి వార్త వచ్చినప్పుడు, అది నిజమైనచో సరిదిద్దుకొందము. కానిచో ఆధారములతో ఖండింతము. కోపము తెచ్చుకొన్నచో తప్పు లేనివారిపై గూడ జనులకు అనుమానము కలుగును.

నేడు వార్త సెల్‌ఫోనులో క్షణములో ఊరంతయు ప్రాకుచున్నది. వదంతియు నట్లే ప్రాకుచున్నది. కావున జమాఖర్చులను పంచాయతీ నోటీసు పలకపై ప్రకటింతము. గ్రంథాలయమునకు పత్రికలు తెప్పించి, చదువురాని వారికి చదివి వినిపించు ఏర్పాటు చేయుదము. ప్రజల సొమ్మునకు మనము ధర్మకర్తలము. అడుగకమునుపే లెక్క చెప్పిన పంచాయతీకి వదంతుల భయము లేదు.