రిఫరీ చదువు

ఫుట్‌బాల్ అనగానే మనకు బంతిని కాలితో తన్ను ఆట స్ఫురించును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆ పేరు వేరొక ఆటకు చెల్లును. అందు కోలగానుండు బంతిని చేతబట్టి పరుగెత్తుదురు; విసరుదురు; ఎదుటివారు పైబడి నేల గూల్చుదురు. జట్టునకు పదునొకండుగురు. నాలుగు యత్నములలో పది గజములు సాగనిచో బంతి ఎదుటివారి వశమగును.

ఇది మోటైన ఆట. దీనియందలి క్రూరత్వమునకు కలతచెంది, 1905 లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు హార్వర్డు, యేల్, ప్రిన్‌స్టన్ విద్యాలయముల ప్రతినిధులను శ్వేతసౌధమునకు పిలిపించెను. 1906 లో నియమములు మారెను. బంతిని ముందునకు విసరుట నాటినుండియే న్యాయమైనది. అందరును ఒక్కచోట గుమిగూడి పెనగులాడుట తగ్గవలెనని పెద్దల ఆశయము. ఆటలో నియమము కేవలము అలంకారము కాదు. అది బాలుర యెముకలను కాపాడు కవచము.

ఉన్నత పాఠశాలల పోటీలకు, 1920 లో ఏర్పడిన జాతీయ సమాఖ్య నియమగ్రంథమును ప్రకటించును. టెక్సాసు ప్రభుత్వ పాఠశాలలు మాత్రము కళాశాలల నియమములను కొలది మార్పులతో అనుసరించును. నలుపు తెలుపు చారల చొక్కా ధరించి తీర్పు చెప్పువారిలో పెక్కుమంది పగలు వేరు ఉద్యోగములు చేసికొనువారే. వారు రాత్రులందు ఈ గ్రంథమును పాఠమువలె చదువుదురు.

చదువవలసిన అగత్యమేమి? ప్రేక్షకులు టెలివిజనులో వృత్తి క్రీడాకారుల ఆటను చూచి వత్తురు. అచట ఎవరును తాకకుండ జారిపడినవాడు లేచి మరల పరుగెత్తవచ్చును. పాఠశాల ఆటలో మోకాలు నేలను తాకినంతనే బంతి నిలిచిపోవును. ఇది తెలియని జనము రిఫరీని నిందించును.

ఇంకొక చిక్కు కలదు. ఒక జట్టు బంతిని దూరముగా తన్నినది. ఎదుటి బాలుడు దానిని పట్టబోగా అది చేతులకు తగిలి క్రిందపడినది. తన్నిన జట్టువాడు దానిని తీసికొని పరుగెత్తినాడు. ఆ పరుగు చెల్లునా? చెల్లదు. ఎదుటి బాలుడు బంతిని వశపరచుకొననే లేదు. కనుక అది యింకను తన్నిన బంతియే. తన్నినవారు దానిని దక్కించుకొనవచ్చును గాని ముందునకు కొనిపోరాదు. అతడు గట్టిగా పట్టి, పిదప జారవిడిచినచో పరుగు చెల్లును. ఈ రెంటికిని గల భేదము రెప్పపాటు కాలము మాత్రమే.

ఆ రెప్పపాటులో తొందరపడి ఈల ఊదినచో ఆట ఆగిపోవును. బంతి పట్టినవాని ముందు మైదానమంతయు ఖాళీగానున్నను ఆ పరుగు దక్కదు. అతని జట్టు ఆగినచోటును అంగీకరింపవలెను, లేదా ఆ యత్నమును మరల ఆడవలెను. ఒక బాలుని కష్టఫలము పెద్దవాని తొందరపాటున పోవును.

అందుచేత రిఫరీలు నియమములను కేవలము వల్లెవేయరు. పోటీల కాలమునకు ముందే ఒకచోట కూడి, చిక్కు సన్నివేశములను కల్పించి ఒకరినొకరు ప్రశ్నించుకొందురు. బంతి ఆటలో నున్నదా? ఎవరి వశమున నున్నది? తన్నినదా, విసరినదా, జారినదా? ఈ వరుస మనస్సున నాటుకొన్నవాడు బంతిని కన్నులార చూచిన పిమ్మటనే ఈలను పెదవులకు చేర్చును. కేకలకు లొంగక న్యాయము పలుకగల ధైర్యము వానికి ఆ చదువువలననే కలుగును.