సైకిలు మీద పక్క దేశానికి



ఊరి పొలిమేర దాటాలంటే ఇంట్లో నలుగురినీ అడగాల్సిన రోజులు మనకు తెలుసు. మరి సైకిలు తొక్కుకుంటూ దేశం పొలిమేరే దాటితే? అలాంటి ఒక రోజు ప్రయాణం గురించి ఈ పాఠంలో చదువుదాం.

ఆడవాళ్లు సైకిలు మీద అంత దూరం పోతారా అని కొందరు నవ్వుతారు. ఐర్లండ్ దేశంలో డెర్వ్లా మర్ఫీ అనే ఆమెకు పదో పుట్టినరోజున ఒక పాత సైకిలు, ఒక మ్యాపుల పుస్తకం ఇచ్చారు. ఈ సైకిలు మీద ఇండియాకు పోతాను అనుకుందా పిల్ల. పద్నాలుగో ఏట బడి మానేసి, మంచాన పడ్డ తల్లికి ఏళ్ల తరబడి సేవ చేసింది. తల్లి పోయాక, 1963లో నిజంగానే ఐర్లండ్ నుంచి ఢిల్లీ దాకా తొక్కుకుంటూ వచ్చింది. అప్పటికి ఆమె వయసు 31 ఏళ్లు. అంత దూరం ఎందుకు, మన పక్కనే తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా ఉంది. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో అక్కడ వేలాది ఆడవాళ్లు అక్షరాలతోపాటు సైకిలూ నేర్చారు.

ఇక మన ప్రయాణం సంగతి.

మన దేశానికి ఉత్తరాన నేపాల్ ఉంది. రెండు దేశాల మధ్య సరిహద్దు పొడవు 1,700 కిలోమీటర్ల పైనే. 1950లో రెండు దేశాలూ స్నేహ ఒప్పందం చేసుకున్నాయి. మనవాళ్లు అక్కడికి, అక్కడివాళ్లు ఇక్కడికి వీసా లేకుండా వెళ్లి రావచ్చు. వీసా అంటే పరాయి దేశంలోకి రానిచ్చే అనుమతి. పెళ్లిళ్లకు, సంతలకు, కూలి పనులకు జనం రోజూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు.

ఉత్తరప్రదేశ్‌లో గోరఖ్‌పూర్ నుంచి సరిహద్దు ఊరు సొనౌలికి దగ్గర దగ్గర 100 కిలోమీటర్లు. సామాను వేసుకుని ఒక్కరోజులో అంత తొక్కితే ఒళ్లు హూనం అవుతుంది. అందుకని ముందురోజు సగం దారిలో, ఫరేందాలో ఆగుదాం. మర్నాడు పొద్దున్నే 6 గంటలకు బయలుదేరుదాం. డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రం వద్దు. అక్కడ పొగమంచు ఎంత దట్టంగా పడుతుందంటే, ఎదురొచ్చే లారీ దగ్గరికి వచ్చేదాకా కనపడదు. ఎండాకాలంలో వడగాలి. అక్టోబరు, నవంబరు నెలలు మేలు.

కదిలే ముందు సైకిలు చూసుకోవాలి. టైరు బొటనవేలితో నొక్కితే గట్టిగా ఉండాలి. బ్రేకు పట్టాలి. చైనుకు నూనె వేయాలి. గాలి పంపు, ప్యాచీలు, సొల్యూషన్, ఒక కొత్త ట్యూబు, పానా సంచిలో పెట్టుకోవాలి. పంక్చరు వేయడం మగవాళ్ల పని అనుకుంటాం గానీ, చిరిగిన రవిక కుట్టుకోవడం కంటే అదేం కష్టం కాదు. సామాను వెనక క్యారియరుకు రెండు వైపులా సమానంగా కట్టాలి. ఒక వైపు బరువైతే సైకిలు ఆ వైపే లాగుతుంది.

దారి అంతా చదును. గుట్టలు లేవు. వరి చేలు, చెరకు తోటలు. చెరకు వేసుకుపోయే ట్రాక్టర్లకు దారి ఇస్తూ రోడ్డు ఎడమ అంచున తొక్కాలి. దాహం అయ్యేదాకా ఆగకుండా గంటకోసారి నీళ్లు తాగాలి. చిటికెడు ఉప్పు, కాస్త చక్కెర కలుపుకుంటే ఇంకా మంచిది. నౌతన్వా దాటితే సరిహద్దు దగ్గరికి వచ్చినట్టే. లారీలు బారులు తీరి ఉంటాయి. వాటి పక్కనుంచి సైకిలు సులువుగా సాగిపోతుంది. ఆ వరసలో గంటల తరబడి ఆగిపోయిన డ్రైవర్లను చూస్తే మన రెండు చక్రాల బండి మీద ముద్దు వస్తుంది.

సొనౌలిలో పెద్ద కమాను కనపడుతుంది. దానికి అవతల బెలహియా. అది నేపాల్. మోటారు బండి తీసుకుపోయేవాళ్లు 'భన్సార్' కట్టి కాగితం తీసుకోవాలి. భన్సార్ అంటే అక్కడి సుంకం. సైకిలు తొక్కుకుపోయేవాళ్లను మామూలుగా దాని కోసం ఆపరు. కానీ ఎవరు అడిగినా చూపించడానికి ఫోటో ఉన్న ఓటరు కార్డు చేతికి అందేలా ఉంచుకోవాలి. డెర్వ్లా మర్ఫీలాంటి పరాయి దేశాలవాళ్లయితే ముందు మన ఆఫీసులో పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకోవాలి. తర్వాత అవతలి ఆఫీసులో వీసా తీసుకోవాలి.

గీత దాటగానే గడియారం మారుతుంది. మన దగ్గర 11 గంటలు అయితే అక్కడ 11 గంటల 15 నిమిషాలు. సంవత్సరం కూడా వేరే. వాళ్లు విక్రమ సంవత్ లెక్క పాటిస్తారు. మనకు 2000 సంవత్సరం మధ్యలో ఉన్నప్పుడు వాళ్లకు 2057 నడుస్తోంది!

డబ్బు లెక్క జాగ్రత్తగా చూడాలి. 1993 నుంచి మన 100 రూపాయలకు నేపాల్ రూపాయలు 160. మన 500కు 800 రావాలి. ఎవరైనా 750 చేతిలో పెడితే 50 ఎక్కడ పోయిందో అడగాలి. మార్చినందుకు కొంత తీసుకుంటాం అంటారు. ఎంత తీసుకుంటారో ముందే అడగడం మంచిది. దుకాణంలో ధర చెప్పినప్పుడు 'ఏ రూపాయలు?' అని కూడా అడగాలి. టీ 40 నేపాల్ రూపాయలు అనుకోండి, మన డబ్బుల్లో అది 25. పెద్ద నోట్ల మీద నిబంధనలు మారుతూ వచ్చాయి. కాబట్టి 100 నోట్లే ఎక్కువగా తీసుకుపోవాలి.

ఇక్కడ సైకిలు దిగి కాసేపు నిలబడదాం.

మనం నవ్వుతూ దాటిన ఈ కమాను కిందనుంచే ఏడ్చే దారి కూడా ఉంది. మంచి ఉద్యోగం ఇప్పిస్తాననో, పెళ్లి చేసుకుంటాననో నమ్మించి నేపాల్ పల్లెల పిల్లలను ఇటు తీసుకొస్తారు. ముంబై, ఢిల్లీ లాంటి నగరాల్లో అమ్మేస్తారు. తీసుకొచ్చేవాడు ఒక్కోసారి సొంత బంధువే. కాగితాలు అక్కర్లేని సరిహద్దు మనకు ఎంత సులువో, మోసగాడికీ అంతే సులువు. తనను ఏ ఊరికి తీసుకుపోతున్నారో కూడా ఆ పిల్లకు తెలియదు.

1993లో అనురాధా కొయిరాలా అనే టీచరు 'మైతీ నేపాల్' అనే సంస్థ పెట్టారు. మైతీ అంటే పుట్టిల్లు. ఆ సంస్థ ఆడవాళ్లు సరిహద్దు దగ్గర కాపలా ఉంటారు. వాళ్లలో కొందరు ఒకప్పుడు అలా అమ్ముడుపోయి బయటపడ్డవాళ్లే. వాళ్ల చేతిలో లాఠీ ఉండదు. ప్రశ్నలు ఉంటాయి. 'ఎక్కడికి పోతున్నావమ్మా? ఇతను నీకు ఏమవుతాడు? అక్కడ ఎవరున్నారు? ఇంట్లో చెప్పావా?' పిల్లను ఒక వైపు, వెంట వచ్చినవాడిని ఒక వైపు అడుగుతారు. ఇద్దరి మాటా కలవకపోతే ఆపుతారు. ఇంటికి కబురు పెడతారు. అంతవరకూ ఉండడానికి భైరహవాలో వాళ్లకు ఒక ఇల్లు ఉంది.

ఇది నేపాల్ సంగతే కదా అనుకోకండి. మన రాయలసీమ నుంచి కూడా పని ఆశ చూపి ఆడపిల్లలను ఢిల్లీ, ముంబై, పూణే తీసుకుపోయి అమ్మిన ఉదంతాలు ఉన్నాయి. ఇలాంటి అనుమానం వస్తే 112కు ఫోను చేయవచ్చు. చిన్నపిల్లల విషయమైతే 1098.

సరే, మళ్లీ సైకిలెక్కుదాం. సరిహద్దు నుంచి భైరహవా 4 కిలోమీటర్లు. అక్కడ భోజనం చేసి పడమటికి తిరిగితే లుంబిని మరో 22 కిలోమీటర్లు. పొలాల్లో కొక్కెరకంటే చాలా పెద్దవి, ఎర్రటి మెడల పక్షులు జంటలుగా మేస్తుంటాయి. వాటిని సారస పక్షులు అంటారు. పొద్దు వాలేలోగా చేరుకోవచ్చు.

లుంబిని బుద్ధుడు పుట్టిన చోటు. ఆయన తల్లి మాయాదేవి నిండు నెలలతో పుట్టింటికి పోతూ ఉందట. దారిలో ఈ తోటలోనే నొప్పులు వచ్చాయని కథ. మన అమరావతి శిల్పాల్లో కూడా ఈ కథ చెక్కి ఉంది. సైకిలు బయట ఆపి, చెప్పులు విడిచి లోపలికి పోవాలి.

అక్కడ అశోక చక్రవర్తి నిలబెట్టిన రాతి స్తంభం ఉంది. దాని వయసు 2,200 ఏళ్ల పైనే. బుద్ధుడు ఇక్కడ పుట్టాడు కాబట్టి ఈ ఊరికి పన్ను తగ్గించాం అని దాని మీద రాసి ఉంది. అది బ్రాహ్మీ లిపి. మధ్యలో చాలా వందల ఏళ్లు ఆ లిపి చదవగలిగినవాళ్లే లేకపోయారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ అనే ఆయన అశోకుడి రాతల్లోని బ్రాహ్మీ అక్షరాల గుట్టు విప్పాడు. లుంబిని స్తంభం మీది ఈ రాత 1896లో బయటపడింది. అప్పుడు గానీ ఇదే లుంబిని అని లోకానికి రుజువు కాలేదు. మన తెలుగు అక్షరాలు కూడా ఆ బ్రాహ్మీ నుంచే వచ్చాయి. మనం దిద్దిన అ, ఆలకు ఆ రాతి మీది గీతలు ముత్తవ్వలన్నమాట.

రాత్రికి ధర్మశాలలో దిగి, సైకిలుకు తాళం వేసి, టైరులో ముల్లు ఏమైనా దిగిందేమో చేత్తో తడిమి చూసి పడుకుందాం.

లెక్క చేయండి: మీ దగ్గర మన డబ్బు 300 రూపాయలు ఉంది. నేపాల్ డబ్బులో ఎంత వస్తుంది?

మాట్లాడుకోండి: పట్నంలో పని ఇప్పిస్తానని మీ వాడలో ఒక పిల్లను ఎవరో తీసుకుపోతున్నారు. మీరు ఆ పిల్లను ఏమేం అడుగుతారు? తీసుకుపోయేవాడిని ఏమేం అడుగుతారు?