రిపోర్టులు చదవడానికైతే డాక్టరమ్మే!

సమస్య:

అమ్మా, నాకు ముప్ఫై ఏడేళ్లు. గుంటూరులో ఎం.డి. పాథాలజీ చేసి, విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేశాను. మావారి ఉద్యోగం వల్ల మూడేళ్ల క్రితం లీడ్స్ వచ్చాం. ఇద్దరు పిల్లలు. ఇక్కడ పాథాలజిస్టుగా చేయాలంటే రాయల్ కాలేజీ పరీక్షలు, జీఎంసీ (ఇక్కడి మెడికల్ కౌన్సిల్) రిజిస్ట్రేషను, ఆపైన స్పెషలిస్టు రిజిస్టరు... ఏళ్లు పట్టే పని. మావారు వద్దనరు, "నీ ఇష్టం" అంటారు. ఫీజుల మాటెత్తితే మాత్రం ఇంటి లోను సంగతి తీస్తారు. మా అత్తగారేమో, "రక్తపరీక్షల ఉద్యోగమేగా, ఈ వయసులో మళ్లీ పరీక్షలేంటమ్మా, పిల్లల్ని చూసుకో" అంటారు. రాత్రి పిల్లలు పడుకున్నాక, అత్తగారు వాట్సాప్‌లో పంపే చుట్టాల బయాప్సీ రిపోర్టులు చదివి, వాళ్లు లేచేసరికి వినేలా వాయిస్ మెసేజ్ పెట్టేసరికి పదకొండవుతుంది. మొన్న మా చినమామగారి ప్రోస్టేట్ రిపోర్టు వచ్చింది. ఆ తర్వాత పుస్తకం తెరిస్తే నిద్ర ముంచుకొస్తోంది. ఏదో డేటా కోర్సు చేసి ఉద్యోగంలో చేరమని ఇక్కడి స్నేహితులు అంటున్నారు. ఏం చేయమంటారు?

– ఒక సోదరి, లీడ్స్

సలహా:

తల్లీ, పిల్లలు, లోను, అత్తగారు... ఇవి నాకొచ్చే ప్రతి రెండో ఉత్తరంలోనూ ఉంటాయి. నీకు జవాబు రాయాలనిపించింది ఆ బయాప్సీ రిపోర్టుల మాట చదివి. దాన్ని నువ్వు ఫిర్యాదుగా కూడా రాయలేదు, అంట్లు తోమాను అన్నట్టు రాసేశావు! మీ చినమామగారి రిపోర్టులో క్యాన్సరు తీవ్రత చెప్పే గ్లీసన్ స్కోరు 3+4 అయినా, 4+3 అయినా కూడితే ఏడే. మొదటిది రెండోదానికంటే నయమని, కంగారు పడొద్దని ఆ ఇంట్లో చెప్పగలిగేది ఎవరు? నువ్వే. అప్పుడు మాత్రం అది రక్తపరీక్షల ఉద్యోగం కాదు కాబోలు!

మీ అత్తగారికి ఒక్క సంగతి చెప్పు. ఆపరేషన్ బల్ల మీద మనిషిని పడుకోబెట్టి, పొట్ట తెరిచి, ముక్క తీసి ల్యాబ్‌కి పంపి, ఎంత పెద్ద సర్జనైనా చేతులు కట్టుకుని నిలబడతాడు. ఆ ముక్కను అప్పటికప్పుడు గడ్డకట్టించి కోసిన ఫ్రోజెన్ సెక్షన్ చూసి పాథాలజిస్టు ఫోన్‌లో ఏ మాట చెబుతుందో దాన్నిబట్టే ఇంకా కోయాలా, కుట్టేయాలా అన్నది తేలుతుంది. రోగికి ఆ డాక్టరు పేరు కూడా తెలియదు. అందుకే మనవాళ్లకు లోకువ.

డేటా కోర్సు సంగతి వదిలెయ్. అది చేయడానికి వేలమంది ఉన్నారు. ఇక్కడి పిల్లల్లా మొదటి ఏడాది నుంచి శిక్షణలో చేరడం ఇంకో దారి. తక్కువలో తక్కువ ఐదేళ్లు, చేరడానికి పోటీ. నీకు నప్పేది మూడోది, రాయల్ కాలేజీ పరీక్షలు. ఎఫ్ఆర్‌సీపాథ్ రెండు భాగాలూ పాసైతే జీఎంసీ మామూలు రిజిస్ట్రేషన్‌కు దాన్నే ఒప్పుకుంటుంది, విదేశీ డాక్టర్లకు పెట్టే ప్లాబ్ పరీక్ష జోలికి పోనక్కర్లేదు. ఇంగ్లీషు పరీక్ష ఎలాగూ తప్పదు. పార్ట్ వన్ రాతపరీక్ష. పార్ట్ టూ రెండు రోజులపాటు స్లైడ్ల మీద, సైటాలజీ, ఫ్రోజెన్‌తో సహా. ఆ తర్వాత పోర్ట్‌ఫోలియో దారిలో స్పెషలిస్టు రిజిస్టరుకు దరఖాస్తు పెట్టుకోవాలి. అందులో పేరు లేనిదే ఎన్‌హెచ్ఎస్‌లో పర్మనెంటు కన్సల్టెంటు పోస్టు ఇవ్వరు. 2023 నవంబరు దాకా ఈ పోర్ట్‌ఫోలియో దారిని సీఈఎస్ఆర్ అనేవాళ్లు, శిక్షణ అచ్చం ఇక్కడిదానితో సరితూగాలనేవాళ్లు. ఇప్పుడు కన్సల్టెంటుగా పనిచేసే జ్ఞానం, నైపుణ్యం, అనుభవం ఉన్నాయని చూపిస్తే చాలు.

కాకపోతే ఆ చూపించేదాంట్లో ఈమధ్య చేసిన పనికే విలువెక్కువ. నువ్వు ఇంట్లో కూర్చున్న ప్రతి ఏడాదీ విజయవాడ అనుభవం పాతబడిపోతోంది. అందుకే నిన్ను తొందరపెడుతున్నాను. నువ్వు చూసిన కేసుల లెక్కలు, ఆడిట్లు, రోగుల పేర్లు కొట్టేసిన రిపోర్టులు, వాటి మీద సంతకాలు... నిన్ను ఎరిగిన పెద్ద డాక్టరు ఆ ఆసుపత్రిలో ఉండగానే తెప్పించుకో. ఆయన రిటైరైతే ఎవరి వెంట పడతావు?

ఇక మీ ఆయన. "నీ ఇష్టం" అని చేతులు దులుపుకున్నాడు. ఇష్టం నీదే సరే, డబ్బూ తీరికా ఎవరివ్వాలి? మన ఇళ్లలో కోడలి చదువుకు రెండుసార్లే గిరాకీ: సంబంధం కుదిరేటప్పుడు ఒకసారి, చుట్టాల్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడు ఒకసారి. పెళ్లికార్డు మీద ఎం.డి. అని పెద్దక్షరాల్లో వేయించినవాళ్లే, ఆ ఎం.డి.కి పరీక్ష ఫీజు కట్టాల్సొస్తే లోను గుర్తు చేస్తారు. కొడుకు ఎమ్మెస్‌కు అమెరికా వెళ్తానంటే పొలం తాకట్టు పెట్టిన ఇళ్లు నాకు బోలెడు తెలుసు. కోడలు సొంత చదువును నిలబెట్టుకుంటానంటే అది ఖర్చు కిందికి వస్తుంది! ఆడపిల్లల్ని డాక్టర్లుగా చదివించామని గొప్పలు పోతాం, ఆ డాక్టర్లలో ఎంతమంది ప్రాక్టీసులో ఉన్నారని ఏ పెద్దమనిషీ అడగడు.

నీదీ కొంత తప్పుంది. అడిగిన ప్రతివాళ్లకూ అదే రాత్రి జవాబు చెప్పకపోతే కొంప మునగదు. ఆదివారం పొద్దున గంటసేపు చెబుతానని అత్తగారికి మర్యాదగానే చెప్పు. అత్యవసరమైతే వాళ్లకు అక్కడే డాక్టర్లున్నారు. ఆ రాత్రిళ్లు నీ చదువుకు.

ఈ పేజీ మీ ఆయనకు చూపించు. బాబూ, శని ఆదివారాలు పిల్లలు నీ పూచీ, పార్ట్ వన్ ఫీజు ఈ నెల జీతంలోంచి కట్టాలి.