సందేహాలు - సమాధానాలు: జన్యువు ఎక్కింది, పదార్థం రాలేదు

ప్రశ్న: పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. ఒక మొక్క జన్యువులను ఈ-కోలైలోకి ఎక్కించి, ఆ మొక్కలోని సుగంధ తైలాన్ని బాక్టీరియాతో చేయించాలి. జన్యువులు సరిగ్గానే ఎక్కాయని సీక్వెన్సింగ్‌లో తేలింది. అయినా పద్నాలుగు నెలలుగా మెషీన్‌లో ఆ తైలం ఉందని చూపే పీక్ కనబడటం లేదు. నాకీ పని చేతకాదేమో!
- పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్

సమాధానం: కంగారు పడకండి. జన్యువు ఎక్కడం వేరు, పదార్థం రావడం వేరు. ఆ రెంటికీ నడుమ ఏడాది గడిచిపోవడం మా రంగంలో మామూలే. బర్క్‌లీలో జే కీస్లింగ్ బృందం మలేరియా మందు ఆర్టెమిసినిన్‌కు ముడిసరుకైన ఆమ్లాన్ని 2006లో యీస్ట్‌తో చేయించినప్పుడు లీటరుకు దక్కింది 100 మిల్లీగ్రాములు. లీటరుకు 25 గ్రాములు తీశామని పేపరు వచ్చేసరికి 2013 అయింది.

సుగంధ తైలం అన్నారు కనుక ఒకటి అడుగుతాను. ఇంక్యుబేటర్ తలుపు తీయగానే వాసన వస్తోందా? ఇలాంటివి తయారైనవి తయారైనట్టే గాలిలో కలిసిపోతుంటాయి. కల్చర్ మీద డోడెకేన్ అనే నూనెలాంటి ద్రవాన్ని పలచగా పోసి, ఆ పై పొరను పరీక్షించండి. బజారులో కొన్న అసలు పదార్థానికి కూడా పీక్ రాకపోతే అప్పుడు ఆందోళన పడాలి, అదీ మీ గురించి కాదు, మెషీన్ గురించి.

ప్రశ్న: జన్యువులను మోసే ప్లాస్మిడ్ పెట్టాక నా కల్చర్ నీరసించిపోయింది. ఇరవై నిమిషాలకోసారి రెట్టింపయ్యే కణాలు ఇప్పుడు గంటకు పైగా తీసుకుంటున్నాయి. తెలియక ఏదైనా విషం తయారుచేయిస్తున్నానా?
- పరిశోధక విద్యార్థి, విశాఖపట్నం

సమాధానం: నీరసించడం సహజమే. ఆ కణం తన తిండిలో, సత్తువలో కొంత మీ జన్యువుల కోసం ఖర్చుపెడుతోంది. మెటబాలిక్ బర్డెన్ అని మేం చెప్పుకునే బరువు ఇదే. అయితే విషం అన్న మీ అనుమానం కూడా తీసిపారేసేది కాదు. కీస్లింగ్ బృందానికే ఈ-కోలైతో ఇలాంటిది ఎదురైంది. వాళ్లు పెట్టిన వరుసలో ముందున్న ఎంజైములు జోరుగా పనిచేశాయి, తర్వాతిది అందుకోలేకపోయింది. కోతకు ముప్పైమందిని, మోపులు మోయడానికి ఇద్దరినీ పెట్టినట్టన్నమాట. మధ్యలో హెచ్‌ఎంజీ-కోఏ అనే పదార్థం పేరుకుపోయి కణాలు పెరగడం మానేశాయి. వెనకబడ్డ ఎంజైమును పెంచాక తేరుకున్నాయి. మీరూ ముందు జన్యువులను పనిచేయించే ఇండక్షన్ తగ్గించి, ఉష్ణోగ్రత 30 డిగ్రీలకు దించి చూడండి.

నన్నడిగితే, భయపడాల్సింది నీరసించిన కల్చర్‌ను చూసి కాదు. అదే కల్చర్ ఒక సోమవారం పొద్దున ఉన్నట్టుండి చలాకీగా పెరుగుతుంది చూడండి, దాన్ని చూసి. కుర్రాళ్లంతా సంబరపడిపోతారు. జరిగిందేమిటంటే, మీ జన్యువును వదిలించుకున్న కణాలు బరువు తగ్గి, మిగతావాటిని దాటిపోయి ఫ్లాస్కంతా ఆక్రమించాయి. ప్లాస్మిడ్ లేని కణాలను పెరగనివ్వని యాంటీబయాటిక్ వేశాం కదా అంటారేమో. ప్లాస్మిడ్‌ను అట్టే పెట్టుకుని, అందులో మీ జన్యువును మాత్రం చెడగొట్టుకునే కణాలూ ఉంటాయి. అలా జరిగితే మైనస్ 80 ఫ్రీజరులోని పాత గ్లిసరాల్ స్టాక్ నుంచి మళ్లీ మొదలుపెట్టండి. స్టాకే పెట్టుకోలేదంటారా, ఈ పత్రిక పక్కన పడేసి ముందు ఆ పని చూడండి.

ప్రశ్న: మా అమ్మాయి బెంగళూరులో పరిశోధన చేస్తోంది. రోజంతా ఈ-కోలై అనే క్రిములతోనే పనట. వాంతులు, విరేచనాలు తెచ్చేది అదేనని మా వీధి డాక్టరుగారు అన్నారు. పైగా వాటి జన్యువులు కూడా మారుస్తారట. నాకు కంటిమీద కునుకు లేదు.
- ఒక తల్లి, తెనాలి

సమాధానం: డాక్టరుగారు అబద్ధం చెప్పలేదమ్మా, కానీ ఆ పేరున్నవన్నీ ఒక్కటి కావు. ల్యాబుల్లో ఎక్కువగా వాడేది కె-12 అనే రకం. 1922లో స్టాన్‌ఫర్డ్‌లో ఒక రోగి నుంచి తీసినది. అప్పటినుంచీ సీసాల్లోనే పెరిగి పెరిగి, మన పేగుల్లో నిలదొక్కుకునే సత్తా పోగొట్టుకుంది. జన్యువులు మార్చే పనిమీద ప్రతి సంస్థలోనూ బయోసేఫ్టీ కమిటీ కన్ను వేసి ఉంచుతుంది. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకా కూడా జన్యువు మార్చిన యీస్ట్‌తో చేసినదే. మీవాళ్లలో ఎవరో ఒకరు వేయించుకునే ఉంటారు. అమ్మాయిని రెండే రెండు అడగండి: ల్యాబులో కూర్చుని టీ తాగుతోందా, ల్యాబ్ కోటు హాస్టలుకు తెచ్చి ఉతుకుతోందా? అవునంటే మాత్రం గట్టిగా మందలించండి.

ప్రశ్న: నేను కట్టిన జన్యు సర్క్యూట్ సగం కణాల్లో కూడా వెలగడం లేదు. గైడ్‌గారికి చూపించాలంటే సిగ్గేస్తోంది.
- పరిశోధక విద్యార్థి, వరంగల్

సమాధానం: నిక్షేపంలా చూపించండి. ప్రిన్స్‌టన్‌లో విద్యార్థిగా ఉన్నప్పుడు మైకేల్ ఎలోవిట్జ్, స్టానిస్లాస్ లీబ్లర్‌తో కలిసి రెప్రెసిలేటర్ కట్టారు, కణాలు గడియారంలా వెలిగి ఆరే సర్క్యూట్ అది. 2000లో వచ్చిన ఆ పేపరు సింథటిక్ బయాలజీకి పునాదుల్లో ఒకటి. అందులో కూడా సుమారు 40 శాతం కణాలే అలా వెలిగి ఆరాయి, ఆ మాట వాళ్లే రాసుకున్నారు. వెలగని కణాలను లెక్కలోంచి తీసేద్దామన్న ఆలోచన వస్తే మాత్రం అక్కడే ఆగిపోండి.

ప్రశ్న: నాలుగేళ్లుగా నేను చేస్తున్న పనినే మరో ల్యాబువాళ్లు పోయిన నెల ప్రచురించేశారు. అంతా వదిలేసి ఇంటికొచ్చేయాలని ఉంది.
- ఒక తెలుగు విద్యార్థి, టెక్సాస్

సమాధానం: బాధ ఉండకుండా ఎలా ఉంటుంది! కానీ మీ నాలుగేళ్లు నీళ్లపాలు కాలేదు. ఇద్దరు వేర్వేరుగా చేసి ఒకే ఫలితం చూస్తే ఆ ఫలితానికే బలం. ప్లోస్ బయాలజీ పత్రిక 2018 నుంచీ ఇలాంటి పేపర్లను, మొదటిది అచ్చయిన ఆరు నెలల్లోపు పంపితే, కొత్తదనం లేదన్న కారణంతో తిప్పిపంపడం లేదు. మీకు ఒక నెల అయిపోయింది, రాయడం మొదలుపెట్టండి.

ప్రశ్న: ఐదేళ్లు నిండాయి, ఫెలోషిప్ ఆగిపోయింది. చేతిలో చెప్పుకోదగ్గ ఫలితం లేదు. రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్రపట్టదు. అమ్మానాన్నలతో మాట్లాడాలని కూడా అనిపించడం లేదు.
- పేరు రాయవద్దు

సమాధానం: రాసి మంచిపని చేశారు. ఏ దారి పనిచేయలేదో, ఎందుకు చేయలేదో కొలతలతో చూపినా అది థీసిసే. గైడ్‌గారితో ఆ మాట ఎత్తలేకపోతే డాక్టోరల్ కమిటీలో మీకు చనువున్న ఒకరితో మాట్లాడండి. గడువు దగ్గరపడినప్పుడు నాలుగు రాత్రులు నిద్ర చెడటం ఎవరికైనా ఉండేదే. వారాల తరబడి పట్టకపోవడం, అయినవాళ్ల గొంతు వినాలని అనిపించకపోవడం ఆ లెక్కలోకి రావు, వాటిని డాక్టరుకు చూపించాలి. ఈలోగా ఏ వేళప్పుడైనా టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.