మ్యాప్ మీద ఆ చుక్క తీసెయ్యి

సెంటినరీ కాలనీ

అల్లుడూ,

నువ్వు, నీ దోస్తులు కలిసి యాప్ తయారుచేస్తున్నారని అక్క చెప్పింది. డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీ ఏ చౌరస్తాలో పెట్టారో మ్యాప్ మీద చుక్క పెట్టి చూపిస్తుందట. పోలీసులున్నారని తెలిస్తే తాగినవాడు బండి తీయడానికే జంకుతాడు, అది రోడ్డుకు మేలే కదా అని ఫోన్లో అన్నావు. అప్పటి నుంచి అదే ఆలోచిస్తున్నా.

నీ మాటలో నిజం లేకపోలేదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 1982 డిసెంబర్‌లో ఎవరినైనా ఆపి ఊదించడం మొదలుపెట్టారు. ఆ సంగతి జనంలోకి గట్టిగా తీసుకెళ్లారు. రోడ్డు మీద చావులు తగ్గాయి. కానీ అక్కడ జనానికి చెప్పింది ఎప్పుడైనా, ఎక్కడైనా ఆపుతారని. ఎక్కడ ఆపుతారో తెలియదు కనుకనే మనిషి గ్లాసు పట్టుకునే ముందు ఆలోచించాడు. మీ చుక్క ఆ భయాన్నే తీసేస్తుంది.

రాజీవ్ రహదారి మీద ఆపుతున్నారని తెలిస్తే తాగినవాడు ఇంటికి పోవడం మానుకోడు, లోపలి ఊళ్ల రోడ్డు పడతాడు. మన గనుల దగ్గర రాత్రి పదకొండుకు ఆ రోడ్ల మీద ఎవరుంటారో నీకు నేను చెప్పాలా? సెకండ్ షిఫ్ట్ దిగి వచ్చేవాళ్లు, నైట్ షిఫ్ట్‌కు పోయేవాళ్లు, అందరూ బైకుల మీదే. తాగినవాణ్ని గనిలోకి దిగనివ్వరు, వాడి తప్పు పక్కవాడి ప్రాణం మీదికి వస్తుంది కనుక. అలాంటివాడికి "ఆ గేటు దగ్గర చూస్తున్నారు, ఇటునుంచి దిగు" అని ఏ కార్మికుడైనా చెబుతాడా?

2016 జులై 1న హైదరాబాద్ పంజాగుట్టలో తాగిన కుర్రాళ్ల కారు డివైడర్ దాటి అవతలి కారు మీద పడింది. బడి నుంచి ఇంటికి వస్తున్న చిన్నపిల్ల, ఆమె బాబాయి, తాత, ముగ్గురూ పోయారు. ఆ కుర్రాళ్లూ మీలాగే ఇంజనీరింగ్ చదివేవాళ్లే. ఆ వార్త గుర్తొస్తే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టవుతుంది.

ఈ తగవు మనదొక్కటే కాదు. 2019 ఫిబ్రవరిలో న్యూయార్క్ పోలీసులు, దారి చూపే వేజ్ యాప్‌లో ఇలాంటి జాడలు తీసేయమని గూగుల్‌కు రాశారు. ఫ్రాన్స్‌లో 2021 నుంచి, మద్యం తనిఖీ జరిగే చోట రెండు గంటల దాకా యాప్‌ల హెచ్చరికలు ఆపించే అధికారం ఉంది. ఇక, మీ యాప్ చూస్తే తాగనివాళ్లకు ట్రాఫిక్ జామ్ తప్పుతుందని కూడా అన్నావు. కాసేపు నిలబడితే వాళ్లకు పోయేదేమీ లేదు.

యాప్ మానుకోమనడం లేదు. ఈ రాత్రి నగరంలో తనిఖీలున్నాయని చెప్పు, చోటు చెప్పకు. పిలిస్తే వచ్చి మన బండే నడిపి ఇంటికి చేర్చే డ్రైవర్ల నంబర్లు పెట్టు. తాగని, లైసెన్సున్న మనిషి వెంట ఉంటే బండి అతనికి అప్పగించి పంపాలని 2021లో మన తెలంగాణ హైకోర్టు కూడా చెప్పింది. అలాంటి మనిషి నిమిషాల్లో దొరికేలా చేయడం మీ చదువుకు తగిన పని. నీ దోస్తులు ఏమంటారో అడిగి, దసరాకు వచ్చినప్పుడు చెప్పు. అప్పటిదాకా ఆ చుక్కలు మాత్రం ఎవరికీ పంపకండి.

ఇట్లు
మీ మామ