ప్రమోషన్ వద్దని రాసివ్వకు

దిల్‌సుఖ్‌నగర్

బిడ్డా,

సీనియర్ అసిస్టెంట్‌గా పైకి పంపితే షాద్‌నగర్ అవతల వేస్తారని, అందుకే ప్రమోషన్ వద్దని రాసివ్వమని మీ ఆఫీసులో చెబుతున్నారట. మీ అమ్మ ఫోన్‌లో అన్నది. ఎల్బీనగర్‌లోనే హాయిగా ఉండొచ్చని వాళ్ల మాట. ఆ కాగితం మీద సంతకం పెట్టకు. ఒకసారి హక్కు వదులుకున్నానని రాసిచ్చాక వెనకున్నవాళ్లు ముందుకు పోతారు, ఆ తర్వాత మనకు అడిగే నోరుండదు.

నీకు చూపు తక్కువని, కష్టపెట్టొద్దని తపాల్ సీటు ఇచ్చారు. చెడ్డ మనసుతో ఇచ్చింది కాదు, చిక్కంతా అక్కడే. తిట్టే ఆఫీసరుతో పేచీ పెట్టుకోవచ్చు, జాలిపడే ఆఫీసరుతో ఏం పెట్టుకుంటాం? నా కాలికున్న కాలిపర్ చూసి నాతోనూ ఏళ్ల తరబడి ఇన్‌వర్డ్ రిజిస్టరే రాయించారు. ప్రమోషన్ ప్యానెల్ దగ్గరికొచ్చేసరికి, పాపం ఎస్టాబ్లిష్‌మెంట్ ఎప్పుడూ చూడలేదు కదా, బిల్లులు తెలియవు కదా అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట ఏ ఫైల్లోనూ ఉండదు, పని మాత్రం చేస్తుంది.

కాబట్టి ముందు ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు అడుగు. నోటితో కాదు, రాతపూర్వకంగా. దయ చూపమని రాయకు. ఫలానా పని ఇవ్వండి, దానికి ఫలానా సదుపాయం కావాలి అని రాయి. తెర మీది అక్షరాలు చదివి వినిపించే ఎన్‌వీడీఏ ఉచితంగానే దొరుకుతుంది, కంప్యూటర్‌లో వేయించమను. ఈ-ఆఫీస్‌లో స్కాన్ చేసి పెట్టిన కాగితాలు దానికి ఉత్త బొమ్మలే, నేరుగా చదవలేదు. డ్రాఫ్టులు టైపు చేసిన ఫైలుగానే పంపాలని ఆ దరఖాస్తులోనే చేర్చు. డిపార్ట్‌మెంటల్ పరీక్షలు మిగిలుంటే స్క్రైబ్ కోసం ముందే అర్జీ పెట్టుకో. టెస్టు పాస్ కాలేదన్న సాకు వాళ్ల చేతికివ్వొద్దు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 20వ సెక్షన్ చదివించుకో. వైకల్యం ఉందన్న ఒక్క కారణంతో ప్రమోషన్ ఆపకూడదని, తగిన సదుపాయాలు కల్పించాలని అందులోనే ఉంది. పోస్టింగ్ మాట కూడా అక్కడే వస్తుంది. షాద్‌నగర్ సంగతినీ ఆ సెక్షన్ కిందే అడగాలి. ప్రమోషన్ ఒప్పుకుంటున్నాను, మెట్రోకో బస్సుకో అందే చోట వేయండి అని రాయి. ప్రమోషన్, పోస్టింగ్ రెండూ వేర్వేరు విషయాలు, కలిపేసి భయపెడతారు.

కోర్టులు మనవైపే ఉన్నాయి. ప్రమోషన్లలోనూ వికలాంగులకు రిజర్వేషన్ ఉండాలన్న మాటను సిద్ధరాజు కేసులో 2020లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి ఖాయం చేసింది. 2021లో కేరళ పోలీసు శాఖ టైపిస్టు కేసులో, కారుణ్య నియామకంతో వచ్చినవాళ్లకూ ఆ హక్కు వర్తిస్తుందని సుప్రీంకోర్టే చెప్పింది. ఆ తీర్పిచ్చిన ఇద్దరిలో ఒకరు మన మెదక్ జిల్లాకు చెందిన జస్టిస్ సుభాష్‌రెడ్డి. 2025 ఆగస్టు 1 అని తేదీతో సహా గుర్తుపెట్టుకో: రంగులు గుర్తుపట్టలేడని మన ఆర్టీసీ ఇంటికి పంపిన డ్రైవర్‌కు వేరే ఉద్యోగం చూపాల్సిందేనని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇవన్నీ ఉన్నా రిజర్వేషన్ రోస్టర్‌లో మన పాయింటు దానంతటది పడదు బిడ్డా. ఆ రోస్టర్ రిజిస్టర్ రాసేది మన పక్క సీటాయనే. చూపించమని అడిగితే ముఖం చిట్లిస్తాడు, చిట్లించనీ.

జవాబు రాకపోతే మీ శాఖ ఫిర్యాదుల అధికారికి రాయి. అక్కడా కదలకపోతే మలక్‌పేటలో నల్గొండ చౌరస్తా దగ్గర వికలాంగుల కమిషనర్ ఆఫీసు ఉంది, నీకు మెట్రో దారిలోనే. సివిల్ కోర్టులా సాక్షులను, రికార్డులను పిలిపించే అధికారం కమిషనర్‌కు ఉంది. అక్కడికి ఉత్త చేతులతో పోతే లాభం లేదు, ఇన్‌వర్డ్ నంబర్ పడిన నీ దరఖాస్తుల నకళ్లు కావాలి. ఇన్నాళ్లు తపాల్ సీట్లో కూర్చున్నందుకు ఆ నంబరు విలువ నీకు వేరే చెప్పాలా!

ప్యానెల్ ఇయర్ సెప్టెంబర్ 1తో మొదలవుతుంది. సీనియారిటీ జాబితా నకలు తీసుకుని ఆదివారం ఇంటికి రా. నీ పేరు ఎక్కడ పడిందో చూసి, తప్పుంటే అభ్యంతరం ఇద్దరం కూర్చుని రాద్దాం.

నీ మేనమామ