దీపముల వేళ ఫోనును విడుచుట

మార్కు సువార్త 6వ అధ్యాయములో శిష్యులకు భోజనము చేయుటకైనను తీరిక లేకపోగా ప్రభువు వారిని ఏకాంతమునకు పిలిచెను. వారు చేయు పని చెడ్డదని కాదు. ఈ భేదమును గమనింపుడి.

మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడగావ్ గ్రామమున 2022లో సాయంకాలము 7 గంటలకు సైరను మ్రోగింపసాగిరి. గంటన్నరసేపు టీవీలు, ఫోనులు ఆపి పిల్లలు చదువుకొనవలెను. కరోనా దినములలో పాఠముల కొరకు చేతికిచ్చిన ఫోనును, బడి తెరచిన పిమ్మటను పిల్లలు విడువకపోయిరి. మన రాష్ట్రమందును 2023లో ప్రభుత్వము బడులలో విద్యార్థుల సెల్‌ఫోనులను నిషేధించెను.

అయితే కళ్యాణదుర్గపు వేరుసెనగ రైతు ఇంట ఫోను వట్టి వినోదము కాదు. వాన తప్పిన యేట బెంగుళూరుకు కూలికి పోయిన కుమారుని స్వరము అందులోనే వినబడవలెను. కనుక దానిని పెట్టెలో పెట్టి తాళము వేయుడని మేము చెప్పజాలము. శ్రమకాలపు నలువది దినములలో దీపములు పెట్టినది మొదలు భోజనము ముగియువరకు నెట్టు మాత్రము ఆపుడి. నెట్టు ఆగినను మామూలు పిలుపు మ్రోగును. ఫోనులో బైబిలు చదువువారు ఆ వేళ అచ్చు పుస్తకము తీయుడి. మొదట ఆపవలసినది పెద్దలే. తాను రీళ్లు చూచుచు గద్దించు తండ్రి మాటను ఏ బిడ్డ వినును?

బెంగుళూరులోనివారికి మాత్రము ముందుగానే తెలియజేయుడి: ఆ వేళ వీడియో రాదు, మాట వచ్చును.